బాతు బొమ్మ బిళ్ళ

ఆల్డో లియోపోల్డ్ రచించిన 'ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్' ప్రస్తావన వచ్చినప్పుడల్లా సాహిత్యాభిమానులు అందులోని కొంగలను, వసంతారంభంలో తిరిగివచ్చే బాతులను, ఒక తోడేలు మరణం చూసి మనసు మారిన వేటగాణ్ణి తలుచుకుంటారు. నేనూ తొలి రెండు పఠనాల్లో వాటినే తలుచుకున్నాను. ఈ శరత్కాలంలో మూడవసారి చదువుతున్నప్పుడు నా చూపు మరొక చోట నిలిచిపోయింది. అది డబ్బు సంగతి. ఎవరికీ లాభం తెచ్చిపెట్టని చిత్తడి నేలను, ఇసుక దిబ్బను, పక్షిని కాపాడడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్న ఆ పుస్తకంలో పైకి కనిపించకుండా మొదటినుంచి చివరివరకు ప్రవహిస్తూనే ఉంటుంది.

లియోపోల్డ్ ఈ ప్రశ్నను వినోదానికి వేసుకున్నవాడు కాడు. అటవీశాఖలో ఉద్యోగం చేశాడు. 1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1934లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వన్యప్రాణుల పునరుద్ధరణకోసం నియమించిన ముగ్గురు సభ్యుల సంఘంలో ఒకడు. ఆ మరుసటి ఏడే బారాబూ పట్టణానికి దగ్గరలో, విస్కాన్సిన్ నది ఒడ్డున, సారమంతా పోయి రైతు వదిలేసిన ఇసుక పొలమొకటి కొన్నాడు. దానిమీద మిగిలిన ఒకే ఒక కట్టడం కోళ్ళ కొట్టం. దానినే బాగుచేసుకుని, భార్యాబిడ్డలతో కలిసి ఏటా వేల పైన్ మొక్కలు నాటాడు. 1948 ఏప్రిల్‌లో పుస్తకం అచ్చుకు అంగీకారమైందన్న కబురు అందిన వారానికే, పొరుగు పొలంలో అంటుకున్న గడ్డిమంటను ఆర్పబోయి గుండెపోటుతో మరణించాడు. పుస్తకం 1949లో వెలువడింది.

చివరి వ్యాసమైన 'ది ల్యాండ్ ఎథిక్'లో, అంటే భూనీతిలో, ఆయన చెప్పే ఒక వృత్తాంతం ఉంది. 1937లో విస్కాన్సిన్ శాసనసభ రైతులకు ఒక సదవకాశం కల్పించింది. మీ నేల ఎలా వాడుకోవాలో మీరే నియమాలు రాసుకోండి, మీకు ఉచితంగా నిపుణులను, యంత్రాలను ఇస్తాం అన్నది. పదేళ్ళు గడిచాయి. ఏ ఒక్క కౌంటీలోనూ ఒక్క నియమమైనా రాయలేదు. రైతులు తమకు లాభం కలిగే పద్ధతులను స్వీకరించి, ఊరికి మాత్రమే మేలు చేసేవాటిని వదిలేశారు. అలా ప్రైవేటు భూస్వాములు వదిలేసిన పనులన్నీ ప్రభుత్వం నెత్తిన పడుతుంటే, ఈ భారం ఎంతవరకు పెరుగుతుంది, పన్నుల రాబడి దానిని మోయగలదా అని లియోపోల్డ్ సందేహిస్తాడు. ఆయన వెతుకుతున్న జవాబు మనిషి అంతరాత్మలో ఉంది. చట్టాలవల్ల, నిధులవల్ల మాత్రమే నేల బతకదంటాడు.

తత్త్వంగా అది గొప్ప మాట. అయితే డెబ్బై ఆరేళ్ళ తరవాత, ఆయన నివసించిన రాష్ట్రంలోనే ఉంటూ, నేను వారాంతాల్లో నడిచే చిత్తడి నేలలు ఎలా మిగిలాయని ఆరా తీస్తే, అంతరాత్మ అందులో చేసిన పని కొంచెమే. ఎక్కువ పని చేసినవి బాతు బొమ్మ ఉన్న ఒక బిళ్ళ, తుపాకీ, సిగరెట్టు, చమురు.

బిళ్ళ సంగతి ముందు చెబుతాను. 1934లో దేశమంతా కరువు, మాంద్యం. చిత్తడి నేలలు ఎండి బాతుల సంఖ్య దారుణంగా పడిపోయింది. అప్పుడు ప్రభుత్వంలో జీవసర్వే శాఖకు అధిపతిగా వచ్చినవాడు జే డార్లింగ్. వృత్తిరీత్యా కార్టూనిస్టు, పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు, 'డింగ్' అనే సంతకంతో ప్రసిద్ధుడు. లియోపోల్డ్‌తోపాటు ఆ ముగ్గురి సంఘంలో ఆయనా ఒకడు. నీటిపక్షులను వేటాడే ప్రతివాడూ, పదహారేళ్ళు దాటితే, ఏటా ఒక డాలరు పెట్టి ఒక బిళ్ళ కొని దానిమీద తన సంతకం చేసి దగ్గర ఉంచుకోవాలని చట్టం వచ్చింది. మొదటి బిళ్ళమీద నీటిలోకి దిగుతున్న రెండు బాతుల బొమ్మ డార్లింగే గీశాడు. మొదటి ఏడాది ఆరు లక్షల ముప్పై అయిదు వేల బిళ్ళలు అమ్ముడుపోయాయి. ఇప్పుడు దాని వెల 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో, కౌలుకు తీసుకోవడానికో పోతాయి. ఇంతవరకు ఇలా చేరిన సొమ్ము నూరు కోట్ల డాలర్లు దాటింది. దానితో కాపాడిన నేల అరవై లక్షల ఎకరాలకు పైమాటే.

నేను శాకాహారిని. చేపను కూడా కూరగాయగా భావించే ప్రాంతంలో పుట్టికూడా శాకాహారిగానే మిగిలినవాణ్ణి. లియోపోల్డ్ పుస్తకంలో వేట వర్ణనలు వచ్చినప్పుడు ఇప్పటికీ నా మనసు కొంచెం వెనక్కి జరుగుతుంది. అయినా ఏటా జులైలో పోస్టాఫీసుకు వెళ్ళి ఈ బిళ్ళ కొంటాను. దానితో వన్యప్రాణి ఆశ్రయాలలో ప్రవేశరుసుము ఉన్నచోట ఉచితంగా పోవచ్చుననేది పైకి చెప్పే కారణం.

ఇక తుపాకీ. 1937లో సెనెటర్ పిట్మన్, ప్రతినిధి రాబర్ట్‌సన్ పేర్లమీద వచ్చిన చట్టం ప్రకారం పొడవు తుపాకులమీద, తూటాలమీద పదకొండు శాతం ఎక్సైజు సుంకం వన్యప్రాణుల పునరుద్ధరణకే చెందుతుంది. తరవాత చేతి తుపాకులను (పది శాతం), విల్లంబులను కూడా చేర్చారు. తయారీదారు దగ్గరే వసూలు చేస్తారు కనక కొనేవాడికి ఆ సంగతి తెలియదు కూడా. ఆ సొమ్మును రాష్ట్రాలకు పంచడంలో సగం రాష్ట్ర విస్తీర్ణాన్నిబట్టి, సగం వేట లైసెన్సులున్నవారి సంఖ్యనుబట్టి లెక్క కడతారు. రాష్ట్రం పాతిక శాతం వేసుకుంటే కేంద్రం డెబ్బై అయిదు ఇస్తుంది. చట్టంలోని అసలు కీలకం ఇంకొకటి. వేట లైసెన్సుల రుసుమును వేరే ఏ పనికి మళ్ళించినా ఆ రాష్ట్రానికి ఈ నిధి ఆగిపోతుంది. గవర్నరుకు రోడ్డు వేయాలనిపించినా, పాఠశాల కట్టాలనిపించినా, వేటగాడి రుసుము మీద చెయ్యి పడదు. ఖజానాలో చేరిన సొమ్ముకు ఊరూ పేరూ ఉండవని తెలిసిన మనకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఫలితాలు కళ్ళెదుట ఉన్నాయి. విస్కాన్సిన్‌లో ఒకప్పుడు పూర్తిగా అంతరించిన అడవి టర్కీలను 1976లో మిసోరీ నుంచి తెచ్చి వదిలారు. బదులుగా ఇక్కడి గ్రౌజు పక్షులను అక్కడికి పంపారు. రెండు రాష్ట్రాలు పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్నట్టు జరిగిన ఆ కుండమార్పిడి సంతానం ఇప్పుడు మా వీధి చివర కార్లు ఆపి మరీ రోడ్డు దాటుతుంది.

కాని నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. నెలలో కొన్ని వారాలు ఐసీయూ బాధ్యత నాది. ఛాతీలో తూటా దిగిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడు వెంటిలేటరుమీద ఉంటే, అతని తల్లి మంచం పక్కన కూర్చుని ఆ యంత్రం చప్పుడు వింటూ ఉంటే, ఆ తూటా వెలలోనూ పదకొండు శాతం బాతులకు పోయిందన్న లెక్క మనిషిని స్థిమితంగా ఉండనివ్వదు. 2020లో మహమ్మారి భయంతో, అల్లర్ల భయంతో జనం తుపాకులు విపరీతంగా కొన్నారు. ఆ వెంటనే ఈ నిధి ఏడాదికి నూరు కోట్ల డాలర్లు దాటింది. జనం భయపడిన ఏడాది అడవికి రాబడి ఎక్కువ. మద్యం రాబడితో సంక్షేమ పథకాలు నడిచే చోటినుంచి వచ్చిన మనకు ఈ తర్కం కొత్తది కాదు గాని, తెలిసినదైనంత మాత్రాన మింగుడుపడదు.

సిగరెట్టు కథ విస్కాన్సిన్‌దే. భూదినోత్సవానికి ఆద్యుడిగా పేరుపొందిన గేలార్డ్ నెల్సన్ గవర్నరుగా ఉన్నప్పుడు, 1961లో, పదేళ్ళలో అయిదు కోట్ల డాలర్లతో భూములు కొనే పథకం తెచ్చాడు. దానికి సొమ్ము సిగరెట్టు పెట్టెకు ఒక సెంటు చొప్పున వేసిన పన్ను. నా దగ్గరకు చాలాకాలంగా వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. కాగితం మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. నలభై ఏళ్ళు రోజుకు రెండు పెట్టెలు కాల్చాడు. ఇప్పుడు ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో పడవలో కూర్చుని బాతులకోసం ఎదురుచూస్తాడు. ఎదురుచూడడమే, ఈమధ్య పేల్చడం లేదంటాడు. నేను వారాంతంలో బైనాక్యులర్‌తో నడిచే బురదనేలకు ఆయన సిగరెట్టుతో ఒకసారి, తూటాతో ఒకసారి, బిళ్ళతో ఒకసారి, లైసెన్సుతో ఒకసారి వెల చెల్లించాడు. నా బైనాక్యులర్‌మీద అలాంటి సుంకం ఏదీ లేదు.

లేకపోవడం యాదృచ్ఛికం కాదు. 1990లలో బైనాక్యులర్లు, పక్షుల గింజలు, డేరాలు, వీపు సంచులమీద కూడా చిన్న సుంకం వేసి, వేటాడని ప్రాణుల రక్షణకు వాడాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ వస్తువుల వ్యాపారులు ఒప్పుకోలేదు. అది అక్కడే ఆగింది. 2022లో ఏటా నూట నలభై కోట్ల డాలర్లు రాష్ట్రాలకు, ఆదివాసీ జాతులకు ఇచ్చే బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో నిలిచిపోయింది. ప్రకృతిని ప్రేమిస్తున్నామని చెప్పుకునే మనవంటివారి సంఖ్య పెరుగుతోంది. వెల కట్టే వేటగాళ్ళ సంఖ్య 1980ల నుంచి తగ్గుతూ వస్తోంది. కట్టేవాడికే కదా మాట చెల్లుతుంది. బాతుకు, జింకకు దొరికే శ్రద్ధ కప్పకు, తూనీగకు ఎందుకు దొరకదో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు, ఆ పంపకం సూత్రం చదివితే చాలు.

చమురు కథ వీటికన్నా పెద్దది, వీటికన్నా విచారకరమైనది. వాలెస్ స్టెగ్నర్ అనే నవలాకారుడు 1960 డిసెంబరులో, దేశంలో ఆరుబయలు విహారాలకు ఏం కావాలో పరిశీలిస్తున్న ఒక ప్రభుత్వ సంఘంకోసం ఒక ఉత్తరం రాశాడు. మనుషులు ఎన్నడూ అడుగుపెట్టకపోయినా అడవి ఉన్నదన్న ఎరుకే జాతికి అవసరమన్నది అందులోని వాదన. ఆ సంఘం 1962లో నివేదిక ఇచ్చింది. దాని ఫలంగా 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ రెండు చట్టాలమీద సంతకం చేశాడు. ఒకటి అరణ్య చట్టం, దానిని అందరూ గుర్తుంచుకుంటారు. రెండవది భూజల పరిరక్షణ నిధి చట్టం, దానిని ఎవరూ గుర్తుంచుకోరు. మొదట పార్కుల రుసుములు, మోటారు పడవల ఇంధన పన్ను వంటి చిల్లర ఆదాయాలతో మొదలైన ఈ నిధికి, 1968లో సముద్రగర్భంలో చమురు తవ్వుకునే కంపెనీలు కట్టే రాయల్టీని జతచేశారు. ఒకచోట ప్రకృతినుంచి తీసుకున్నదానిలో కొంత మరొకచోట ప్రకృతికే తిరిగి ఇవ్వాలి అన్న ఆలోచన. 1970ల చివరినుంచి ఆ నిధి పరిమితి ఏటా తొంభై కోట్ల డాలర్లు.

పరిమితి అన్నాను. అంత సొమ్ము ఏటా ఆ ఖాతాలో జమ అవుతుంది. ఖర్చుకు మాత్రం కాంగ్రెస్ ప్రతి సంవత్సరం విడిగా అనుమతి ఇవ్వాలి. 2019 వరకు జమ అయినది సుమారు నాలుగు వేల కోట్ల డాలర్లు అయితే, అందులో సగానికి పైగా భూమి ముఖం చూడలేదు. అడవి పేరున పుస్తకాల్లో జమ, ఇతర అవసరాలకు వాడకం. 2018 సెప్టెంబరు 30న చట్టం గడువే తీరిపోయింది. 2019లో దానిని శాశ్వతం చేశారు. 2020 ఆగస్టులో వచ్చిన మరొక చట్టంతోగాని ఆ తొంభై కోట్లు ఏటా తప్పనిసరిగా విడుదల కావాలన్న నియమం రాలేదు. అంటే యాభై ఆరేళ్ళు పట్టింది. ఈలోగా తొంభై కోట్ల విలువ ఎంత కరిగిందో వేరే చెప్పనవసరం లేదు. దక్కిన తరవాతైనా స్థిమితం లేదు, ఆ సొమ్మును కొత్త భూములు కొనడానికి కాక వేరే ఖర్చులకు వాడుదామన్న ప్రతిపాదనలు వాషింగ్టన్‌లో వినబడుతూనే ఉన్నాయి.

ఈ నిధిలో ఒక భాగం రాష్ట్రాలద్వారా ఊళ్ళకు వస్తుంది. సగం ఖర్చు ఊరు పెట్టుకోవాలి. దానితో ఆటస్థలాలు, పడవల రేవులు, విహారస్థలాల షెడ్లు కట్టుకోవచ్చు. షరతు ఒక్కటే. ఈ సొమ్ము సోకిన నేలను ఎప్పటికీ విహారానికే ఉంచాలి, మార్చాలంటే సమానమైన విలువ, ఉపయోగం ఉన్న నేలను బదులివ్వాలి. మన తెలుగు సంఘాలవారు కార్తీకంలో చలికి వణకలేక ఎండాకాలంలోనే జరుపుకునే వనభోజనాలు తరచు ఇలాంటి పార్కులలోనే జరుగుతాయి. ఉసిరిచెట్టు లేదు గనక మేపుల్ చెట్టు కిందే పులిహోర వడ్డిస్తాం. పార్కు ద్వారం దగ్గర, చాలాచోట్ల, ఆ నిధి పేరున్న చిన్న పలక ఉంటుంది. ఈ వేసవిలో మా సంఘం పిల్లలకు ఆ పలక చూపించి, మీరు ఊగుతున్న ఉయ్యాలకు మెక్సికో అఖాతంలోని చమురు బావి డబ్బిచ్చిందని చెబితే, ఒక పాప ఉయ్యాల దిగి దానిని వాసన చూసింది.

తెలుగు పాఠకుడికి ఈ గొడవంతా ఎందుకని అడిగేవారికి అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవలను చూపిస్తాను. కొల్లేటి ఒడ్డు పల్లెల ఉమ్మడి జీవితం, ఆ సరస్సు కళ్ళముందే చెడిపోవడం అందులో ఉన్నాయి. లియోపోల్డ్‌ను, ఆయనను పక్కపక్కన పెట్టి చదివితే రెండు నీటిపట్టులు ఒకదానినొకటి చూసుకుంటున్నట్టు ఉంటుంది. నేను నడిచే హోరికాన్ చిత్తడి అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలోకి 1990లో చేరింది, కొల్లేరు 2002లో. అక్కడా గూడబాతులే, ఇక్కడా గూడబాతులే. అక్కడ కిక్కిస, ఇక్కడ జమ్ము. హోరికాన్‌ను కూడా ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో కాలవలు తవ్వి ఎండగట్టారు, సేద్యం చేయబోయారు, విఫలమయ్యారు.

అక్కడినుంచి దారులు చీలాయి. హోరికాన్‌లో ప్రభుత్వాలు నేల కొన్నాయి. దక్షిణ భాగం రాష్ట్రానిదైంది, ఉత్తర భాగం 1941లో కేంద్రానిదైంది. కొల్లేటిలో 1999లో అయిదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లమేర, గీత గీసి అభయారణ్యమన్నారు. ఆ గీత లోపల జిరాయితీ పట్టాలున్న రైతులున్నారు. గీత గీయడానికి కలం చాలు, పట్టాకు డబ్బు కావాలి. 2006లో యంత్రాలు వచ్చి చేపల చెరువుల గట్లు తెంచాయి, రెండేళ్ళకు గీతను మూడవ కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానించింది. నేల పోగొట్టుకున్నవాడికి నష్టపరిహారం ఇవ్వని అభయారణ్యం, తన చుట్టూ శత్రువులను తానే నాటుకుంటుంది. చేపల చెరువుల పెట్టుబడిదారుల అత్యాశ నాకు తెలియనిది కాదు. కాని చిన్న పట్టాదారునూ, ఆ పెట్టుబడిదారునూ ఒకే గాటకట్టింది నిధి లేని ఆ నిర్ణయమే.

సొమ్ము లేదనడానికి కూడా వీలులేదు. గనులకు, ఆనకట్టలకు అడవిని ఇచ్చినప్పుడు వసూలు చేసే పరిహారం ఏళ్ళతరబడి పోగుపడి, 2019లో కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చింది నలభై ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా. భూజల నిధి తర్కమే ఇదీ, చమురుకు బదులు అడవే పెట్టుబడి. పోయిన అడవికి మొక్కలు నాటడం దాని ప్రధానోద్దేశం. నీటిపట్టును పట్టాదారునుంచి న్యాయమైన ధరకు కొనడం అన్న ఆలోచన మన దగ్గర ఇంకా వేళ్ళూనలేదు.

అమెరికాను మెచ్చుకుంటున్నానని తొందరపడకండి. హోరికాన్‌ను ప్రభుత్వం రైతులనుంచి కొన్నది. ఆ రైతులకు అది ఎలా వచ్చింది? హో-చంక్ జాతివారు ఒత్తిడిమీద సంతకం చేసిన ఒప్పందాలతో. వారికి దక్కిన ధరను ధర అనలేం. లియోపోల్డ్ అంతటివాడు కూడా ఆ సంగతిమీద ఎక్కువసేపు నిలవడు. పుస్తకంలో నాకు వెలితిగా తోచే చోటు అదే.

పైగా ఇక్కడి వ్యవస్థ కూడా ఇప్పుడు గాలిలో దీపమే. నెల్సన్ పథకం వారసత్వంగా 1989లో మొదలైన నోల్స్-నెల్సన్ నిధికి ఒక రిపబ్లికన్ గవర్నరు పేరు, ఒక డెమొక్రాట్ గవర్నరు పేరు కలిపి పెట్టారు. అప్పట్లో అది సహజంగా ఉండేది. తరవాత శాసనసభ ఆర్థిక సంఘంలో ఏ ఒక్క సభ్యుడైనా, తన పేరైనా బయటపెట్టకుండా, ఒక భూమి కొనుగోలును నిలిపివేయగల పద్ధతి వచ్చింది. ఉత్తరాన పెలికన్ నది అడవిలో యాభై ఆరు వేల ఎకరాలకు ఆ నిధి ఇవ్వనన్నారు. కేంద్రం సొమ్ముతో ఆ పని గట్టెక్కించవలసి వచ్చింది. 2024 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు, సంఘానికి అలాంటి వీటో అధికారం లేదని తీర్పిచ్చింది. వీటో పోయింది, నిధిమీద విరక్తి మిగిలింది. 2025 జులైలో సంతకమైన బడ్జెటులో దాని పొడిగింపు లేదు. గడువు 2026 జూన్ 30. సభలో దానికి సాక్ష్యం చెబుతున్నవారిలో వేట సంఘాలవారూ ఉన్నారని చదివి, మా సంఘం పెద్దలను కదిలించాను. వనభోజనాల బడ్జెటులో పూలదండలకు, శాలువాలకు కేటాయించినదానిలో కొంత తగ్గించి, సంఘం తరఫున పన్నెండు బాతు బిళ్ళలు కొందామన్నాను.

కోశాధికారి మంచివాడు, లెక్కల మనిషి. బిళ్ళ దేనికి పనికొస్తుంది, దానితో ఉత్తరం పోస్టు చేయవచ్చా అని అడిగారు. చేయలేమన్నాను. మరి మనం వేటాడతామా అన్నారు. లేదన్నాను. చాలాసేపు ఆలోచించి, రసీదు ఇస్తారా అన్నారు. ఇస్తారన్నాను. పన్నెండు కొన్నాం. కొన్ని పిల్లలకు బహుమతులుగా పోయాయి, ఒకటి ఆ ఉయ్యాల పాపకు.